సముద్రం వైపు గోడ సంగతి

ఎఫీ అమ్మా, నేను చెబుతుంటే నీ కూతురు డల్సీ రాస్తోంది.

వడ్రంగి గార్లండ్ కాసేపట్లో పనివాళ్లతో వస్తాడు. ఇంటి బయటి పాత చెక్కలు పీకి కొత్తవి కొట్టడం ఇవాళే మొదలు. వెనక గోడతో మొదలుపెట్టి, సముద్రం వైపు గోడ వచ్చే వేసవికి వదిలెయ్యమన్నాను నేను. "ఏం పెద్దాయనా, గాలి కొట్టేదీ అటే, పుచ్చిందీ అదే. దాన్నొదిలేసి ఇంటి వీపుకి కోటు తొడుగుతావా?" అని నవ్వాడు వాడు.

నేనెందుకలా అన్నానో నీకు తెలుసు కదా. నా కొడుకు లియాండర్ సముద్రం వైపున్న ఆ ఎర్ర గోడా, వెనకున్న చర్చి గోపురమూ ఒక వరసలోకి వచ్చేదాకా చూసుకుని, అప్పుడు రాళ్ల మధ్య నుంచి పడవ తెచ్చేవాడు. చివరిసారి వేటకి వెళ్లాక పడవా దొరకలేదు, వాడూ దొరకలేదు. ఆ ఎరుపు పోతే వాడికి ఇల్లెలా తెలుస్తుందని నా పిచ్చి.

నిన్న నీ చంటోడు దగ్గుతుంటే వాడి మంచం దగ్గర చెయ్యి పెట్టి చూశాను. ఆ గోడ సందుల్లోంచి చలిగాలి సూదుల్లా వస్తోంది.

అందుకని గార్లండ్‌కి చెప్పు, ముందు సముద్రం వైపు గోడే. మిగతావి మంచు పడేలోపు ఎంతయితే అంత. రంగు నీ ఇష్టం. కాడ్ చేప ఉడికించి ఉంచాను, పనివాళ్లకి కూడా పెట్టు. నేను మా చెల్లెలింటికి పోతున్నా. పీకడం అయిపోయాక డల్సీని పంపు, వస్తాను.

మామయ్య

ఇంకో మాట తల్లీ. ఆ ఎర్ర చెక్కలు పొయ్యిలో పెట్టేయండి, పిల్లాడి గది వెచ్చబడుతుంది. ఒక్క ముక్క దాచుకుంటానని నేనడిగినా ఇవ్వకు.