లక్సెంబర్గుకు నీ ఫోటో

మహేశ్వరీ,

గొర్రెలకు నీళ్లు పెట్టినా. సంగటి గిన్నెలో ఉంది, తిను. లక్సెంబర్గు వీసా కాగితాలిచ్చేదానికి గొర్రెల సంఘం ఆఫీసుకు, కడపకు పోతాండా. ఈ పొద్దే ఆఖరంట. నువ్వు పులివెందులలో ఫోటో దిగి మద్దేనం బస్సుకు కడపకు వచ్చేయ్. ఆడి గొర్రెల పెంపకం సూపిచ్చేదానికి సంఘమోళ్లు మొగుడూ పెండ్లాలిద్దర్నీ తీసకపోతామంటే, నువ్వు రానంటే ఎట్ల?

ఆ దేశంలో మూడు భాషలంట. ఆడ గొర్రెపిల్లను మూడు భాషల్లోనూ పిలిస్తేగానీ తిరిగి సూడదని టీ అంగట్లో చెప్పినా. అందరూ నోరు తెరుసుకోని ఇన్యారు. నువ్వొక్కదానివే "యాడ సూసొచ్చినావు ఆ గొర్రెను?" అంటివి. నువ్వు లేకుండా ఆడికి పోయినాక నన్నట్ల అడిగేదెవురు? అడిగేవాళ్లు లేకుంటే నాకు చెప్పబుద్ధే కాదు.

పుల్లన్న

మరిసిపోయినా. ఫోటోలో నవ్వకూడదంట. నా కతలు ఇనేటప్పుడు పెడతావే, ఆ మొగం పెట్టు. సరిపోతాది.