బావగారి అద్దాల బీరువాలో అన్నయ్య బ్రష్షు

అన్నయ్య కోసం నేను పంపిన పళ్ళు తోముకునే మిషను బ్రష్షుని మీరు బావగారికి ఇచ్చేశారు. డబ్బా మీద అన్నయ్య పేరు మార్కరుతో లావు అక్షరాల్లో రాసి ఉంది. ఆ పేరు గలవాడు లోపలి గదిలో మంచం మీద ఉన్నాడు. అయినా ఇచ్చేశారు. నాన్నగారూ, ఈ మాట ముందు రాస్తే గానీ మిగతాది రాయలేను. ఎప్పుడూ రాసే నమస్కారాలు ఈసారి రాయబుద్ధి కాలేదు.

ఫోనులో చెబుదామంటే మీరు చెప్పనివ్వలేదు. మొదటిసారి చేస్తే, "పడుకున్నోడికి మిషను బ్రష్షెందుకురా? అల్లుడుగారు వచ్చి కూర్చుంటే ఒట్టి సబ్బుబిళ్ళ చేతిలో పెట్టమంటావా?" అన్నారు. రెండోసారి చేస్తే సిగ్నలు లేదని పెట్టేశారు. ఉత్తరానికి సిగ్నలుతో పని లేదు. కాట్రేనికోన సత్తిబాబుగారు సెలవు మీద ఇంటికి వస్తున్నారు. ఇక్కడ మస్కట్‌లో నాతోపాటే ఒక పెద్ద షాపు గోడౌనులో పని చేస్తారు, ఒకే గదిలో ఉంటాం. ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. మీరు ఆఖరి దాకా చదివితే గానీ అరుగు దిగొద్దని చెప్పాను. "ఆయ్, దిగను. మీ నాన్నగారు కాఫీ ఇచ్చినా ఇవ్వకపోయినా దిగనులే" అన్నారు.

ఈ సంగతి నాకెలా తెలిసిందో మీరు అడగనే లేదు. అక్క చెప్పింది. చెప్పాలని చెప్పలేదు పాపం. మొన్న శుక్రవారం కొత్త సోఫా చూపిస్తానని రాజోలు నుంచి వీడియో కాల్ చేసింది. తన వెనక అద్దాల బీరువాలో, ప్లాస్టిక్ పూలకీ పింగాణీ కుక్కపిల్లకీ మధ్యన, నీలం డబ్బా కనిపించింది. ఒక మూల నొక్కుకుపోయి ఉంది. ఆ నొక్కు ఎక్కడున్నా గుర్తు పడతాను.

"అదేంటక్కా?"

"నాన్నగారిచ్చేరురా, మీ బావగారికి. ఎంతో ఖరీదుదని విప్పట్లేదు. వచ్చినోళ్ళందరికీ చూపిస్తన్నారు."

"దాని మీద పేరు చూడలేదా మీరు?"

"చూసేం లేరా. అందుకే ఆ వైపు గోడకి తిప్పి పెట్టేరు."

అక్క నవ్వింది. నేను ఫోను పక్కన పెట్టేసి బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి కూర్చున్నాను.

మీకు గుర్తు చేయాల్సి రావడమే నాకు సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను. పదేళ్ళు అన్నయ్యా నేనూ కలిసి కొబ్బరి తోటల్లో దింపు తీశాం. వాడు చెట్టెక్కి గెలలు నరికేవాడు, నేను కింద కాయలు ఏరి కుప్ప పోసేవాణ్ణి. చిన్న చెట్లయితే అప్పుడప్పుడు నన్నూ ఎక్కనిచ్చేవాడు, పెద్ద చెట్లు మాత్రం వాడివే. నేను ఇక్కడికి వచ్చిన ఆరు నెలలకి, వాన పడి పాచి పట్టిన చెట్టు మీద నుంచి వాడు జారిపోయాడు. మెడ దగ్గర నరం నలిగింది. కాళ్ళు, కుడి చెయ్యి పూర్తిగా పోయాయి. ఎడమ చేతి వేళ్ళు సగం ముడుచుకుంటాయి, పట్టు ఉండదు. ఆ రోజు కింద నేను ఉంటే ఏం చేసేవాణ్ణో నాకూ తెలీదు. చేతులు చాచి పట్టుకునేవాణ్ణి కాదు కదా. కానీ ఈ మూడేళ్ళలో ఆ మాట అనుకోని రోజు లేదు. ఇక్కడ మా షాపులోకి కొబ్బరికాయలు వస్తాయి, పీచు ఒలిచి, ప్లాస్టిక్ చుట్టి. ఆ పెట్టెలు దింపే పని నాకు పడితే వేరేవాళ్ళతో మార్చుకుంటాను. ఎందుకని ఎవరూ అడగరు. ఇక్కడ ఎవరినీ ఎవరూ ఏమీ అడగరు.

పోయిన వేసంగిలో ఒకరోజు అన్నయ్య నాతో ఒంటరిగా మాట్లాడాడు. వదిన నీళ్ళకి వెళ్ళింది. ఫోను దిండు మీద ఆనించి ఉంది. "తమ్ముడూ, అన్నీ మీ వదినే చేస్తందిరా. స్నానం చేయిస్తంది, గెడ్డం గీస్తంది. అయ్యన్నీ పర్లేదు. నోట్లో వేలెట్టి పళ్ళు తోముతుంటే మాత్రం సచ్చిపోదావనిపిస్తంది. నా పళ్ళు నేను తోముకుంటే చాలురా నాకు" అన్నాడు. మూడేళ్ళలో వాడు నన్ను అడిగింది ఇదొక్కటే. మంచం అడగలేదు, చక్రాల కుర్చీ అడగలేదు.

అప్పటికే అమలాపురంలో పళ్ళ డాక్టరుగారు వాడికి కింద రెండు పళ్ళు తీసేశారు. శుభ్రంగా తోమకపోతే మిగతావీ నిలవవన్నారు. మీరూ అక్కడే ఉన్నారు. విన్నారు.

నేను ఎనిమిదితో బడి మానేసినవాణ్ణి. ఇంగ్లీషు నాకు ఎవరూ నేర్పలేదు. గోడౌనులో అట్టపెట్టెల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఆ చదువుతోనే నెల రోజులు ఈ బ్రష్షుల సంగతి తెలుసుకున్నాను. బ్యాటరీ సెల్లులు వేసే రకం ఉంది. చవక. కానీ సెల్లు మార్చాలంటే అడుగున మూత గట్టిగా తిప్పాలి, అన్నయ్య వల్ల కాదు. ఫోనుకి కలిపే రకం ఉంది, ఎక్కడ తోమావో ఎక్కడ తోమలేదో ఫోనులో చూపిస్తుందట. అది డబ్బున్నవాళ్ళ సరదా. ఛార్జింగు పెట్టే రకాల్లో కూడా రెండు. ఒకదాని తల గుండ్రంగా ఉండి గిరగిరా తిరుగుతుంది, ఒకటి మామూలు బ్రష్షులాగే ఉండి సన్నగా వణుకుతుంది. తిరిగేది పట్టు లేని చేతిలో ఎగిరి చిగుళ్ళకి కొడుతుంది. వణికేదే మంచిది. కుచ్చు మెత్తనిది కావాలి. విడి తలలు మూడు నెలలకి ఒకటి చొప్పున మార్చాలి, అవి అమలాపురంలో దొరుకుతాయో లేదో తెలీదు, కాబట్టి అవి కూడా కలిసి ఉన్న డబ్బా కొనాలి.

ఇవన్నీ చదివితే తెలిసినవి. చెయ్యి సంగతి చదివితే తెలియలేదు. ఒకరోజు భోజనాల విరామంలో సత్తిబాబుగారిని పిలిచి, నా ఎడమ చేతి వేళ్ళు సగం ముడిచి, పెట్టెలకి అతికించే టేపుతో చుట్టేయమన్నాను.

"నీకేవన్నా పిచ్చెక్కిందేంట్రా?"

"చుట్టండి చెప్తాను."

చుట్టారు. అప్పుడు షాపులో నమూనాకి బయట పెట్టిన బ్రష్షులు ఒక్కొక్కటీ అన్నయ్యలాగా పట్టుకుని చూశాను. సన్న పిడి ఉన్నవన్నీ జారి కింద పడ్డాయి. బరువైనది మణికట్టుని వాల్చేసింది. ఒకటి చేతిలో నిలబడింది గానీ దాని మీట నొక్కడానికి నా బొటనవేలి బలం చాలలేదు. నాలుగు రోజులు, రోజుకి రెండు మూడు చొప్పున చూశాం. సూపర్‌వైజరు చూసి చెయ్యి విరిగిందేమో అని కంగారు పడ్డాడు. ఐదో రోజు ఒకటి దొరికింది. లావు పిడి, చుట్టూ రబ్బరు, వేలు ఆనిస్తే చాలు పని చేసే మీట. టేపు వేళ్ళతో పళ్ళ దాకా తీసుకెళ్ళగలిగాను. ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించే సత్తిబాబుగారు నా చేతి టేపు విప్పి, "మీ అన్న తోవుకుంటాడురా" అన్నారు. అంతే.

ధర చూశాను. నా జీతంలో మూడో వంతు. ఆఫరు పెడతారేమో అని మూడు వారాలు కాచుకున్నాను, పెట్టలేదు. మా షాపులో ఒక పద్ధతి ఉంది. అట్ట నలిగిన సరుకుని నెలాఖరున పక్కకి తీసి పనివాళ్ళకి సగం ధరకి ఇస్తారు. ఆ వరసలో పని చేసే ఫిలిప్పీన్స్ అమ్మాయికి రోజూ చెప్పి ఉంచాను. నెలాఖరున నీలం డబ్బా ఒకటి మూల నొక్కుకుపోయి వచ్చింది. లోపల వస్తువుకి ఏమీ కాలేదు. ఆ అమ్మాయి దాన్ని కౌంటరు కింద దాచి నాకిచ్చింది. అంత మంచి వస్తువు అంత తక్కువకి రావడం నా బతుకులో అదే మొదలు. ఆ రోజు గదికి నడిచే వెళ్ళాను. ఎండకి నిప్పుల మీద నడిచినట్టుంది, నాకేమీ తెలియలేదు.

తప్పు నా వైపు నుంచి కూడా ఉంది. దాచను. సత్తిబాబుగారు అప్పుడే అన్నారు, "నా సెలవు దాకా ఆగు, నా చేత్తో ఇస్తాను. పెట్టెలో ఎయ్యకు" అని. నాకు ఆగబుద్ధి కాలేదు. సబ్బులు, సెంటుసీసాలు, బాదంపప్పు, దుప్పట్లు సర్దుతున్న కార్గో పెట్టెలోనే దాన్నీ పెట్టేశాను. పైగా మీకు ఫోను చేసి, "పెట్టెలో ఒక ఖరీదైన వస్తువుంది, చూసి చెప్పండి" అని గొప్ప పోయాను. అన్నయ్యకి ముందే తెలిసిపోతుందని అదేంటో చెప్పలేదు. మన ఇంట్లో విదేశాల పెట్టె ఎలా విప్పుతారో నాకు తెలియదా? అల్లుడికి కబురు పెడతారు. ఆయన వచ్చేదాకా తాడు కొయ్యరు. కోశాక అన్నీ చాప మీద పరుస్తారు. వాటిలో ఖరీదైనది ఆయన చేతిలో పెట్టాకే మిగతా ఇంటివాళ్ళ చెయ్యి పడుతుంది. పెదనాన్నగారు దుబాయి నుంచి పంపినప్పటి నుంచీ అదే పద్ధతి. తెలిసి తెలిసి ఆ చాప మీదకే పంపాను.

కానీ ఆ రోజు ఏం జరిగిందో వదిన చెప్పింది. డబ్బా మీ చేతిలోకి రాగానే, "మావయ్యగారండీ, దాని మీద ఆయన పేరుందండి" అందట. మీరు వినిపించుకోలేదట. మళ్ళీ అందట. అప్పుడు మీరు, "పేరుంటే ఏవైందమ్మా? వాడు పెళ్ళికెళ్ళాలా, పేరంటానికెళ్ళాలా?" అన్నారట. బావగారు నవ్వారట. లోపలి నుంచి అన్నయ్య, "ఇచ్చెయ్యండి నాన్నా, నాకెందుకు" అన్నాడట.

వాడే ఇచ్చెయ్యమన్నాడని మీరు అంటారు. నాకు తెలుసు, అదే అంటారు. నాన్నగారూ, వాడు చెట్టు చివర మట్టల మధ్య, మొవ్వులో కూర్చుని కేకేస్తే నాలుగు తోటల అవతల ఉన్న కూలీలు పలికేవారు. ఒక్క కాయ తక్కువ లెక్క కట్టారని ఆసామితో పోట్లాడి గెలిచి వచ్చినవాడు. అలాంటివాడి నోట్లోంచి "నాకెందుకు" అనే మాట వస్తే మీ చెయ్యి ఎలా ఆగలేదు? అది ఇచ్చెయ్యమనడమా?

ఆ రోజు నుంచి వదినని నోట్లో చెయ్యి పెట్టనివ్వడం లేదట. ఉప్పునీళ్ళు పుక్కిలించి ఊసేస్తున్నాడట. దిండు మీద నెత్తురు మరకలు చూశానంది. నేను వీడియో చేస్తే నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నాడు. మొదట జలుబు అన్నాడు. నేను నమ్మాను.

మీరు వాణ్ణి ప్రేమించలేదని నేను అనడం లేదు. ఆసుపత్రి నుంచి వాణ్ణి భుజాన వేసుకుని ఆటో దాకా మోసుకొచ్చింది మీరే. అమ్మ పోయినప్పుడు కూడా ఏడవని మీరు ఆ రోజు ఏడ్చారని అక్క చెప్పింది. కానీ ఏడ్చి, అక్కడితో వాడి లెక్క మూసేశారు. తిండి పెడుతున్నారు, మందు వేస్తున్నారు, వాడికి ఇంకేదైనా కావాలేమో అని మాత్రం అడగడం మానేశారు. నాకు కోపం అందుకే. బ్రష్షు పోతే ఇంకోటి కొంటాను, ఇంకో మూడు నెలలు ఆగి. మళ్ళీ మీరు దాన్ని ఎవరి చేతిలో పెడతారో అని భయం.

నా సంగతి అడుగుతారేమో. బాగానే ఉన్నాను. బాగానే ఉన్నాను అని రాసి రాసి అలవాటైపోయింది. సత్తిబాబుగారు వెళ్ళాక గదిలో తెలుగు మాట్లాడేవాళ్ళు ఉండరు. ఇక నా ఒక్కడికే అన్నం వండుకోవాలి, ఒక్కడికి ఎంత బియ్యం పోయాలో ఇంకా తెలియదు. మీ మోకాళ్ళకి రాసుకునే నూనె ఆయనతో పంపుతున్నాను, పొద్దున పూట రాసుకోండి. వదినకి ఒక చీర ఉంది. అది వదినకే. ఎవరు వచ్చి కూర్చున్నా వదినకే.

ఉత్తరం చివర అందరినీ పేరు పేరునా అడిగానని రాస్తాను కదా ఎప్పుడూ. ఈసారి ఎవరినీ అడగడం లేదు.

మీరు చేయాల్సింది ఇది. రాజోలు మీరే వెళ్ళండి. వదినని పంపొద్దు, అక్కకి ఫోను చేసి తెప్పించొద్దు. బావగారి ఎదుటే, అది మా పెద్దోడిదండీ అని చెప్పి ఆ డబ్బా అడిగి తీసుకోండి. ఆయనకి కోపం వస్తే రానివ్వండి, ఆ కోపం నేను పడతాను. ఇంటికి తెచ్చి ఒక పూట ఛార్జింగు పెట్టండి. పేస్టు వేసి అన్నయ్య ఎడమ చేతిలో పెట్టండి. పెట్టి, మీ చెయ్యి తీసేయండి. జారితే మళ్ళీ పెట్టండి. ఎన్నిసార్లు జారినా సరే, మీరు తోమొద్దు.

మంగళవారానికి ఈ ఉత్తరం మీ చేతిలో ఉంటుంది. శుక్రవారం నాకు సెలవు. ఆ రోజు మన ఊరి టైము ఒంటిగంట లోపల మీరే నాకు ఫోను చేయాలి. తెచ్చాను అంటారో, తేను అంటారో, అది మీ ఇష్టం. ఏది అన్నా అన్నయ్య మంచం పక్కన నిలబడి, వాడికి వినపడేలా అనండి. శుక్రవారం. ఒంటిగంట లోపల.

మీ చిన్నోడు,
ప్రసాదు