కౌముది దగ్గు, మీ వర్జ్యం

ఏవండీ,

టెన్త్ పేపర్లు దిద్దడానికి రాజమండ్రి వెళ్తున్నాను, సాయంత్రానికి వచ్చేస్తాను. కౌముదికి దగ్గు ఉంది గానీ పాలు తాగుతోంది, ఆడుకుంటోంది. అలా ఉన్నంతసేపూ కంగారుపడకండి. ఊపిరికి డొక్కలెగరేస్తున్నా, పాలు వద్దని మగతగా పడుకున్నా, పెదాలు నీలంగా కనిపించినా వెంటనే దొరబాబు గారి ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

పోయినసారి దానికి ఆయాసం వస్తే, వర్జ్యం వెళ్ళేదాకా మీరు గుమ్మం దాటనివ్వలేదు. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని గడియారం చూస్తూ కూర్చున్నాను. ఈసారి అలా కుదరదు. ఊళ్ళో అందరికీ ముహూర్తాలు పెట్టండి, ఎవరు కాదన్నారు? దీని ఊపిరికి మాత్రం పెట్టకండి.

చారు పొయ్యి మీద ఉంది. వేళకు తినండి.

మధులత

పంచాంగం కోసం ఇల్లంతా వెతక్కండి. నా సంచిలో ఉంది.