తెల్లగుడ్డ అంచు

లోవా, నైట్ డ్యూటీ నుంచి వచ్చి అలాగే పడుకోకు. వంకాయ పులుసు వేడిచేసి మామ్మకి పెట్టి, నువ్వూ తిను. తర్వాత గోడమీద జనరల్ దొర ఫోటో దించు. నువ్వు కంప్యూటర్లో శుభ్రం చేసి పెట్టిన ప్రింటు తీసేసి, పాత ఫోటోనే మళ్ళీ ఫ్రేములో పెట్టు. సాయంత్రం బొల్లారం కర్నలుగారు వచ్చి, దొర మీద రాస్తున్న పుస్తకంలో వేసుకోవడానికి అడిగితే నీ ప్రింటు ఇచ్చెయ్యి. ఆయనకి దొర ఉంటే చాలు.

తిట్టే ఓపిక కూడా లేదురా నాకు. దొర వెనకాల తెల్లగుడ్డ అంచున మరకలున్నాయని చెరిపేశావు కదా, అవి మరకలు కావు, తాత వేళ్ళు. యుద్ధంలో దొరకి ఆర్డర్లీగా ఉన్నప్పుడు, ఫోటో తీస్తుంటే ఆ గుడ్డ పట్టుకుని, తను ఫోటోలో పడకుండా పక్కన నిలబడ్డాడు. తాతకి ఇంకో ఫోటో లేదు. మామ్మ రోజూ కొంగుతో తుడిచేది దొర మొహమనుకున్నావా?

బస్సు టైమైంది, వెళ్తున్నా.
అక్క

ఇంకో మాట. పొద్దున్న మామ్మ ఆ మూలే తుడిచి తుడిచి, "కళ్ళు బొత్తిగా ఆనట్లేదే, జోడు మార్పించాలి" అంది. అలాగే మామ్మా అన్నాను.