మూడో చరణంలో ఆగే చోటు

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఉప్పల్ చర్చిలో మన పాత కవాతు పాటను వయొలిన్లతో, ఫ్లూట్లతో ఆర్కెస్ట్రాగా మార్చి వాయించారు. ఈస్టర్ ఊరేగింపులో నాచారం నుంచి నువ్వు ట్రంపెట్ ఊదుతూ, నేను డ్రమ్ము కొడుతూ నడిచిన పాటే. మూడో చరణం మధ్యలో మిల్లు ముందుకు రాగానే ఆ దుమ్ము నీకు దగ్గు తెప్పించేది. నీ కోసం బ్యాండంతా ఆగేది, అడుగులూ ఆగేవి.

ఇవాళ సరిగ్గా అక్కడే ఆర్కెస్ట్రాలోని ముప్పైమందీ ఆగారు. ఆ నిశ్శబ్దంలో నీ దగ్గు కోసం ఎదురుచూశాను.

ఆర్కెస్ట్రాకు నోట్స్ రాసిన మాస్టారును అడిగాను. "గక్కడెందుకు ఆపిన్రు సార్?"

"ఏండ్ల సంది మీ ఊరేగింపు ఎనక నడిసిన. పాట గట్లనే ఉంటది గదా?"

అవునన్నాను. అది నీ దగ్గని చెబితే, ఆ ఆగడాన్ని నోట్స్‌లోంచి కొట్టేస్తారేమోనని భయమేసింది.