హానా పేర ఉంచిన బట్ట

ఫ్రీటౌన్, 3 ఫిబ్రవరి 1968

ప్రియమైన హానా,

అమ్మ పోయిన టెలిగ్రాం నీకు మూడు రోజులు ఆలస్యంగా అందిందట. మట్టి వేయడానికి రాలేకపోయావంటే అందులో నీ తప్పేం లేదు. నలభయ్యో రోజు పెట్టే పెద్దల విందు, అవూజో, ఈ నెల పదిహేడున, శనివారం. నువ్వు రెండు రోజుల ముందే రైలెక్కు. పోయిన పెద్దలకి పెట్టే అలసందలు నేను వండితే అడుగంటుతాయని నీకు తెలియంది కాదు. నీ చేతి వంటైతేనే అమ్మకి తృప్తి.

ఒక్క మాట. ఆ రోజు ఇంటివాళ్ళందరం ఒకే బట్ట కట్టుకోవాలిగా. పోకముందే అమ్మ తనే ఎంచి కొనిపెట్టింది, నీలం మీద తెల్ల చుక్కలది. అది అందరికీ చాలలేదు. ఏమీ అనుకోకు. ఎలాగూ పొయ్యి దగ్గరుంటావు, నూనె పడుతుంది.

మా అబ్బాయి ఎగర్టన్‌కి ఫాషోలే వారి అమ్మాయిని అనుకుంటున్నాం. అమ్మాయి తల్లి వస్తోంది. వాళ్ళ తాతలు ఈ ఊరికి మొదటి ఓడల్లో, సొంత పేర్లతో, సొంత బైబిళ్ళతో దిగారట. ఆవిడ ఏం మాట్లాడినా అక్కడే మొదలుపెడుతుంది. మనం కాస్త ఒద్దికగా ఉండాలి.

నీ అక్క,
రెమీ


బో, 8 ఫిబ్రవరి

ప్రియమైన రెమీ అక్కా,

వస్తున్నాను. ఎండబెట్టిన చేపలు, డబ్బాడు పామాయిల్ తెస్తాను, అక్కడ కొనకు. బట్ట సంగతి వదిలెయ్.

మా ఆయన "నిన్ను పిలిచింది వండడానికా, ఏడవడానికా?" అన్నాడు. "రెండూ ఒకేసారి చేయడం నాకు ఆ ఇంట్లోనే అలవాటైంది" అన్నాను. నవ్వాడు గానీ నాకే నవ్వు రాలేదు.

ఏడేళ్ళ పిల్లగా మా ఊరి నుంచి పెంపకానికి వచ్చి మీ చెక్క ఇంటి మెట్లెక్కాను. అమ్మ నన్ను నీ పక్కనే పడుకోబెట్టింది. తల దువ్వుతూ ఎప్పుడూ ఒకటే కథ. బానిసల ఓడని దొరలు పట్టుకుంటే అందులోంచి దించిన పిల్ల, రేవు దగ్గరి రాతి గేటు దాటి వచ్చింది. గుమాస్తా పేరడిగాడు. చెబితే అతనికి రాయడం రాలేదు, అబిగేల్ అని రాసేశాడు. ఎవరో ఇంటికి తీసుకెళ్ళి పెంచారు. "మన ఇంటికి మొదటి మనిషి ఆవిడే. అచ్చం నీలాగే వచ్చిందే" అనేది అమ్మ. నువ్వు పక్కనుంచి "నాకు దువ్వవేం" అని గోల పెట్టేదానివి.

పెరట్లో పెద్దలకి అన్నం వేసే గుంట దగ్గర మామయ్య అబిగేల్ అవ్వ పేరు పిలిచేటప్పుడు నేను దగ్గరుండి వినాలి. నాకింకేం వద్దు.

నీ చెల్లెలు,
హానా


ఫ్రీటౌన్, 20 ఫిబ్రవరి

ప్రియమైన హానా,

చెప్పకుండా వెళ్ళిపోయావు. వండినదానివి, మెతుకైనా ముట్టలేదు.

ఫాషోలే ఆవిడ అడిగింది. "ఎవరమ్మా ఈవిడ? ఇంట్లో మనిషిలా తిరిగేస్తోంది" అని. "బో నుంచి పిలిపించిన వంటమనిషి" అన్నాను. నువ్వు నా వెనకే గిన్నె పట్టుకుని నిలబడ్డావని తెలియదు. తెలిస్తే అనేదాన్ని కాదు అని రాయబోయి ఆగాను. నీకు వినబడకపోతే అనొచ్చా అని నువ్వే అడుగుతావు.

ఆ తర్వాత మామయ్య గుంట దగ్గర పేర్లన్నీ పిలిచి, కోలా గింజలు చీల్చి నాలుగు బద్దలు వేశాడు. రెండు పైకి, రెండు కిందికి పడితేనే కదా పెద్దలు తిన్నట్టు. నాలుగూ బోర్లా పడ్డాయి. మళ్ళీ వేశాడు, మళ్ళీ అంతే. మూడోసారీ అంతే. "ఎవరి కడుపులో ఏముందో ఇప్పుడే కక్కండి. మా అక్క మూతి ముడుచుకుని కూర్చుంది" అన్నాడు. నేను తల వంచుకుని చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను.

సంగతి తేలేదాకా పూడ్చొద్దని గుంట మీద తపేలా బోర్లించి పోయాడు. పెరట్లోకి వెళ్తే అదే కనిపిస్తోంది. సిగ్గుతో వెనక తలుపు తీయడం మానేశాను.

ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే.

రెమీ


ఫ్రీటౌన్, 9 మార్చి

ప్రియమైన హానా,

నువ్వు రాయలేదు. ఎందుకు రాస్తావు?

అసలు సంగతి ఇంకొకటుంది. బట్ట చాలకపోవడం అబద్ధం. అమ్మ ఎవరి వాటా వాళ్ళకి కత్తిరించి, పేర్లు రాసి, పిన్నులు గుచ్చి పెట్టెలో పెట్టింది. ఒకదాని మీద "నా కూతురు హానా" అని ఉంది. ఆ చీటీ నేనే తీసి చించేశాను. నీ వాటా తీసుకెళ్ళి ఫాషోలే ఆవిడకి ఇచ్చాను. ఆమె అది కట్టుకుని, మన పెరట్లో నువ్వు వండినది తింటూ నీ గురించి అడిగింది.

నువ్వు మన ఇంటికి ఎలా వచ్చావో చెబితే, అలాగే వచ్చిన అబిగేల్ అవ్వ సంగతి ఎక్కడ బయటపడుతుందోనని భయపడ్డాను. మేము మొదటి ఓడలవాళ్ళం కాదు, పట్టుబడిన ఓడలోంచి దించినవాళ్ళం అని ఆవిడకి తెలుస్తుందని. కన్నతల్లి చేతిరాత చించిన మనిషిని నేను. ఇది ఇంకెవరికీ చెప్పలేదు. ఆ చీటీ ముక్కలు ఇందులో పెడుతున్నాను, నా దగ్గర ఉంచుకోలేను.

రెమీ


బో, 21 మార్చి

ప్రియమైన రెమీ అక్కా,

బట్ట సంగతి నాకు ముందే తెలుసు. డిసెంబర్‌లో అమ్మ రాసింది. "నీ వాటా అంచుకి ఎర్రదారం కుట్టాను, మా పెద్దది ఎవరికైనా ఇచ్చేస్తే పోల్చుకోడానికి" అని. అమ్మకి నువ్వు ఆ మాత్రం తెలుసు. చాలలేదని నీ ఉత్తరంలో చదివిన రోజే అబద్ధమని తెలిసింది. నేను వచ్చేలోపు మనసు మార్చుకుంటావేమోనని వచ్చాను. ఫాషోలే ఆవిడ పావడా అంచున ఎర్రదారం చూసి కూడా ఊరుకున్నాను. బట్టే కదా, పోతే పోయిందనుకున్నాను. వంటమనిషి అన్నాక మాత్రం గిన్నె దించి వచ్చేశాను.

ముప్పయ్యో తారీకు, శనివారం వస్తాను. మామయ్యని పిలువు. ఫాషోలే ఆవిడనీ పిలువు. నాకు రాసింది మళ్ళీ గుంట దగ్గర, ఆవిడ ముందు, నీ నోటితో చెప్పు. పెళ్ళి తప్పిపోతే పోనీ. చెప్పలేకపోతే ఇప్పుడే రాసెయ్, నేను రైలెక్కను.

ఓడ ఎక్కకముందు అబిగేల్ అవ్వ పేరేమిటో మనలో ఎవరికీ తెలియదు. మీ ఇంటికి రాకముందు నాకున్న పేరు ఇంకా అలా పోలేదు. అందరికీ నన్ను ఆ పేరుతోనే చూపించు. బట్ట ఆవిడ దగ్గర తీసుకోకు, కట్టుకోడానికి నా బట్టలు నాకున్నాయి.

అలసందలు ఈసారి నువ్వు వండు. నేను మామయ్య పక్కన కూర్చుంటాను. అడుగంటినా తింటాను.

నీ చెల్లెలు,
జెనెబా