పైడమ్మ పిన్ని నడిచిన వైపు

శుక్రవారం, హాడో

‘ఒడ్డున ఒక్క ప్రాణం కూడా పోకూడదు.’ సునామీ హెచ్చరిక యాప్ కోసం ఆఫీసు బోర్డు మీద రాసుకున్న పెద్ద ఆశయం ఇది. దాన్ని కొలవగలిగే చిన్న లక్ష్యాలుగా విడగొట్టే పని నాది. ఈ రెండు వారాల స్ప్రింట్‌కి ‘మెసేజ్ పది సెకన్లలో చేరాలి’ అని రాశాను.

ఈరోజు జంగ్లీఘాట్ చేపల రేవులో పరీక్షించాం. నిజంగా సునామీ వస్తే ఏం చేస్తారో అదే చెయ్యమని అక్కడివాళ్ళకి చెప్పాం. చేపలమ్ముతున్న పైడమ్మ పిన్ని ఫోన్‌కి ఆరు సెకన్లలోనే చేరింది. ఆమె మాత్రం చూడలేదు. ఫోన్ పాలిథిన్ కవర్లో ముడేసి ఉంది.

“సేపల సేతుల్తో ఫోనెలా ముట్టుకుంతానే? గంప ఖాళీ అవనీ.”

పది సెకన్లు కొట్టేసి, ‘ఫోన్ ముట్టుకోకుండానే విని లేవాలి’ అని మార్చాను. సాయంత్రం ఫోనే తెలుగులో, హిందీలో గట్టిగా అరిచేలా చేసి మళ్ళీ పంపాం. పిన్ని చటుక్కున లేచింది. సంతోషంగా స్టాప్‌వాచ్ ఆపేశాను. తీరా చూస్తే ఆమె మెరక వైపు కాదు, జెట్టీ వైపు నడుస్తోంది.

“అటెందుకు పిన్నీ?”

“అరే, మీ బాబాయి బోటు కాడున్నాడు కదే. ఆయన్ని ఒగ్గేసి నానొక్కదాన్నీ ఎలిపోతానేటి?”

నా చిన్నప్పుడు సునామీ వచ్చిన పొద్దున అమ్మ కూడా నన్ను మెరకెక్కించి, నాన్న కోసం మళ్ళీ కిందికే వెళ్ళింది.

ఇప్పుడు కొత్త లక్ష్యం రాశాను: ‘ఒకరు బయల్దేరారని ఇంకొకరికి తెలియాలి.’ ఎన్ని సెకన్లలో అన్న గడి ఖాళీగానే ఉంది. ఆ రోజు అమ్మకి ఎన్ని దొరికాయో నాకు తెలియదు.